కడిగి తెచ్చిన గాయం

క్యాజువాలిటీలో కొత్తగా చేరిన నర్సింగ్ పిల్లలు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే. "రక్తం చూస్తే భయం వేసేది కాదా సిస్టర్?" అని. వేసేది కాదు. రక్తం కనబడితే ఎక్కడ నొక్కాలో తెలుస్తుంది. కనబడని రక్తమే నన్ను ముప్పై ఏళ్లకు పైగా భయపెట్టింది. ఒకసారి ఓడించింది, ఇంకోసారి ఓడించబోయింది. ఆ రెండు సంగతులూ, మా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన జవాన్ల సంగతీ రాయమని ఆ పిల్లలే కొన్నాళ్లుగా నా ప్రాణం తోడేస్తున్నారు. ప్రమోషన్లు, సన్మానాలు ఇందులో ఉండవు. శాలువాలన్నీ బీరువాలో ఉన్నాయి, కావలసినవాళ్లు వచ్చి చూసుకోవచ్చు.

నేను పనిచేసింది నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య, హైవే పక్కనున్న ఒక ట్రస్టు ఆసుపత్రిలో. పేరు రాయను. అక్కడ ఇంకా పనిచేస్తున్నవాళ్లకు నా నోటివల్ల ఇబ్బంది రాకూడదు. మా నాన్నది జగ్గయ్యపేటలో బెల్లం, పప్పుల హోల్‌సేల్ కొట్టు. షావుకారి కూతురు నర్సు అవడమేమిటని ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. తర్వాత హెర్నియా ఆపరేషనుకి మా ఆసుపత్రికే వచ్చి, స్ట్రెచర్ తోసే అతనితో సహా అందరికీ "ఇన్‌ఛార్జి మా అమ్మాయేనండి" అని చెప్పుకున్నాడు. పడుకున్న మంచం మీద నుంచే ఆ సంగతి కేకేసి చెబుతుంటే నేను సిగ్గుతో చచ్చాను.

జవాన్లు ఎందుకొచ్చారు

సైన్యంలో డాక్టరు లేని చోట గాయపడినవాణ్ణి మొదట చూసేది మెడిక్. అతనికి బొమ్మల మీద శిక్షణ ఇస్తారు, బాగానే ఇస్తారు. కానీ కాల్పులు లేని రోజుల్లో అతనికి వచ్చే కేసులు జ్వరాలు, బూట్ల పొక్కులు. నిజమైన గాయం ఎదురైన రోజున చేతులు ఆడకపోతే ఎలా? అందుకని ఒక సైనిక ఆసుపత్రివాళ్లు మా ట్రస్టుతో మాట్లాడుకుని, నలుగురేసి చొప్పున నెల రోజులు మా క్యాజువాలిటీకి పంపడం మొదలుపెట్టారు. మాకు గాయాలకు కరువు లేదు. సిమెంటు లారీలు, అడ్డదారిలో వచ్చే ట్రాక్టర్లు, కూలీలను కుక్కిన ఆటోలు, కోత మిషన్లు అన్నీ మా గుమ్మంలోకే వస్తాయి.

మొదటి బ్యాచ్ వచ్చిన ఉదయం నలుగురూ వరసగా నిలబడ్డారు. బూట్లలో మొహం చూసుకోవచ్చు. జుట్టు ఎంత కురచగా ఉందంటే, తాగి బైకు మీద నుంచి పడ్డ పేషెంటు ఒకడు పోలీసులొచ్చారనుకుని తలకట్టుతో సహా వెనక తలుపులోంచి జారుకున్నాడు. వారం తర్వాత కుట్లు విప్పించుకోవడానికి వచ్చి, "వాళ్లు వెళ్లిపోయారా అమ్మా?" అని మెల్లిగా అడిగాడు.

వాళ్లకు తెలిసినవి మాకంటే బాగా తెలుసు. రక్తం ఆపడానికి కాలికో చేతికో బిగించే పట్టీ ఉంటుంది, టూర్నికే అంటారు. మేం దాన్ని వెతికేలోపు వాళ్లు కట్టేస్తారు. కట్టిన టైము పేషెంటు నుదుటి మీద రాస్తారు, తర్వాత చూసేవాడికి తెలియాలి కదా. చాలా బ్యాచ్‌ల తర్వాత వచ్చిన సురేందర్ అని హర్యానా అతను రెండో రోజునే ఒక ఆటో డ్రైవరు పిక్క మీద గీరుకుపోయిన దానికి పట్టీ బిగించి, నల్ల మార్కరుతో నుదుటి మీద పది నలభై అని రాసేశాడు. డ్రైవరు తల్లి వచ్చి చూసి కుప్పకూలింది. "నా బిడ్డ మొహాన అంకెలేసారేంటమ్మా? ఎన్నింటికి పోతాడని?" అంది. ఆవిడకు ధైర్యం చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. స్పిరిట్‌తో రుద్దినా అంకెలు పోలేదు. డ్రైవరు మాత్రం ఆ నుదురుతోనే సెల్ఫీ తీసుకున్నాడు.

వాళ్లకు తెలియనిది ఏమిటో నాకు కొన్నాళ్లకు అర్థమైంది. వాళ్ల పుస్తకాల్లో గాయపడేవాడు ఎప్పుడూ పాతికేళ్ల ఆరోగ్యవంతుడు. షుగరు ఉండదు, రోజూ మింగే మాత్రలు ఉండవు, పక్కన ఏడ్చే పెళ్లాం ఉండదు. చెప్పమన్నది చెబుతాడు. మా పేషెంట్లు అలాంటివాళ్లు కారు. గాయం గురించి అడిగితే మేనమామతో ఉన్న గట్టు తగాదా దగ్గర మొదలుపెడతారు.

రంగునీళ్ల పాఠం

మా నాన్న తక్కెడలో పెట్టకముందే చేత్తో ఎత్తి ఎంతుందో చెప్పేవాడు. ఆ చూపు నాకూ కొంత వచ్చింది. నేను రక్తం దగ్గర వాడుకున్నాను. ఎర్ర రంగు కలిపిన నీళ్లు కొలిచి తువ్వాలు మీద, పంచె మీద, టైల్స్ మీద, పెరట్లో మట్టి మీద పోసి, ఎంత పోశానో చెప్పమనేదాన్ని. టైల్స్ మీద గ్లాసెడు పోస్తే అందరూ హడలిపోయి రెండు లీటర్లంటారు. మట్టి మీద లీటరు పోస్తే పావు లీటరంటారు. మట్టి తాగేస్తుంది, పత్తి తాగేస్తుంది, కారు సీటు తాగేస్తుంది. మీ కళ్లకు కనబడేది మిగిలిన రక్తమే అని చెప్పేదాన్ని. ఈ పాఠం ఇప్పటికీ చెబుతున్నారని విన్నాను, సంతోషం. దానికి నా పేరు పెట్టారని కూడా విన్నాను. అది అనవసరం.

ఆవిడ ఎంత చక్కగా వచ్చిందో

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరి నాలుగైదేళ్లయిన రోజుల్లో ఒక పెద్దావిడను తీసుకొచ్చారు. పాలు పితకబోతే గేదె కుమ్మిందట. తల దువ్వి ఉంది, చీర కొత్తది, కాళ్లకు పసుపు కూడా రాసి ఉంది. కుర్చీలో కూర్చోమన్నాను. ఆ రోజు జనం ఎక్కువ. "నాకేం తొందర లేదమ్మా, ముందు వాళ్లని చూడు" అంది ఆవిడ. అలాగే చేశాను. గంట తర్వాత పేరు పిలిస్తే పలకలేదు.

తర్వాత కోడలు చెప్పింది. కుమ్మిన చోట నుంచి ధారగా కారిందట. ఇంటి ఆడవాళ్లు స్నానం చేయించి, గాయం కడిగి, గుడ్డ లోపలికి కుక్కి, మంచి చీర కట్టి తెచ్చారు. "ఆ బట్టల్తో నలుగుర్లోకి ఎట్టా తీసుకొస్తామండీ?" అంది. మన పల్లెల్లో ఇది పద్ధతి. గౌరవంగా బతికిన మనిషిని మాసిన బట్టల్తో ఆసుపత్రికి తీసుకురారు. ప్రేమతోనే చేస్తారు. ఆ ప్రేమలో రక్తం గడ్డకట్టిన చోటు కూడా కడుక్కుపోతుంది, మళ్లీ కారడం మొదలవుతుంది, సాక్ష్యం ఇంట్లో బకెట్లో నానుతూ ఉంటుంది. వాళ్లను నేను తప్పుపట్టను. అడగకపోవడం నా తప్పు. అప్పటి నుంచి నర్సింగ్ పిల్లల ప్రతి బ్యాచ్‌కీ, తర్వాత జవాన్లకీ చెప్పాను: పేషెంటు శుభ్రంగా వస్తే అనుమానించండి. బట్టలు మార్చారా, ఎన్ని నీళ్లు పోశారు అని అడగండి.

ఎదురు చెప్పని వార్డు

మా దగ్గర సర్జనుగా ఉన్న పెద్ద డాక్టరు గారి గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయన చేతులకు దణ్ణం పెట్టాలి. చెవులకు మాత్రం పెట్టక్కర్లేదు. ఆయనకు ఎవరైనా ఎదురు చెబితే ముక్కు మీద కోపం. ఒకసారి ఎక్స్‌రే తిరగేసి పట్టుకుని కుడివైపు పక్కటెముక విరిగిందన్నారు. నేను ఎడమవైపు అన్నాను. మర్నాటి నుంచి వారం రోజులు నన్ను డ్రెస్సింగ్ గదిలోనే ఉంచారు. ఎక్స్‌రే సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆ వారంలో వార్డంతా నేర్చుకున్న పాఠం ఒకటే, నోరు మూసుకోవడం.

ఆయన్ని నేను ఇంట్లో, బస్సుల్లో, క్యాంటీన్లో ఎంత తిట్టుకున్నానో లెక్కలేదు. కానీ ఇన్‌ఛార్జి అయ్యాక నేనూ ఆయన లాగే తయారయ్యాను. నాకు అప్పట్లో తెలియలేదు. మిగతా అందరికీ తెలుసు, నాకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. పై కుర్చీలోకి వెళ్లే పిల్లలు ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవండి.

అలాంటి వార్డులోకి జవాన్లు వచ్చారు. వాళ్లకు ఏం చెప్పినా "యస్ మేడమ్" అనేవాళ్లు. అర్థమైనా యస్ మేడమే, కాకపోయినా యస్ మేడమే. నాకు ప్రాణం హాయిగా ఉండేది. ముప్పై ఏళ్లుగా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పినా వినని స్టాఫుతో వేగిన మనిషిని నేను. ఇంత వినయం చూసి మురిసిపోయాను. వినయం వెనక ఏముందో చూడలేదు.

రాంబాబు

నేను రిటైరవడానికి కొన్ని నెలల ముందు వచ్చిన బ్యాచ్‌లో, సురేందర్‌తో పాటు రాంబాబు వచ్చాడు. మైలవరం దగ్గర పల్లె. వాళ్లది నాలుగెకరాల మామిడితోట. తొమ్మిదేళ్ల సర్వీసు. నలుగురిలోకీ చేతులు మంచివి ఇతనివే. రంగునీళ్ల పరీక్షలో నన్ను దాటేశాడు. కానీ తనంతట తాను ఏదీ చెప్పడు. అడిగితే నీళ్లు నములుతాడు, చివరికి "మీరెట్టా అంటే అట్టానే మేడమ్" అంటాడు.

ఒక ఆదివారం నలుగుర్నీ జగ్గయ్యపేటలో మా ఇంటికి భోజనానికి పిలిచాను. ముద్దపప్పు, గోంగూర, వడియాలు. సురేందర్ గోంగూర తిని కళ్లనీళ్లు పెట్టుకుని, మళ్లీ వేయించుకున్నాడు. మిగతావాళ్లు హాల్లో క్రికెట్ చూస్తుంటే రాంబాబు కంచాలు తీయడానికి వంటింట్లోకి వచ్చాడు. నేను ఊరికే అన్నాను. "నీ చేతికి దిష్టి తియ్యాలయ్యా. ఇంకో పదేళ్లలో నువ్వే పది మందికి నేర్పుతావు."

"లేదు మేడమ్. ఈ నెలయ్యాక మెడికల్ వదిలేస్తున్నా. స్టోర్సుకి రాసిచ్చా. దుప్పట్లు మడతేసుకుంటా."

ఎందుకని అడిగితే సింకు వైపు తిరిగి చెప్పాడు. ఏడాది కిందట ఎక్కడో కొండ మీద పోస్టులో ఉన్నాడు. తన స్నేహితుడు ఒకడు పొద్దున జారి రాళ్ల మీద పడి, తనే నడుచుకుంటూ వెనక్కొచ్చాడు. పైనున్న సుబేదార్ చూసి, ఏం కాదు, టీ ఇచ్చి పడుకోబెట్టమన్నాడు. రాంబాబుకి అతని పొట్ట గట్టిగా తగిలింది, పెదాలు పాలిపోయినట్టు కనిపించాయి. ఒకసారి చెప్పాడు. సుబేదార్ విసుక్కున్నాడు.

"యస్ సాబ్ అన్నా మేడమ్. రెండోసారి చెప్పలా. సాయంత్రానికి పోయాడు. లోపల ప్లీహం చితికిందంట."

"నీ తప్పు కాదులే" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. గిన్నె తుడుస్తూ అన్నాను. పైన ఇంకో మాట కూడా, ఈ ఉద్యోగంలో అందరికీ ఇలాంటివి ఉంటాయని. అతను "యస్ మేడమ్" అని కంచాలు బోర్లించి వెళ్లిపోయాడు. ఆసుపత్రికి అతని బదులు ఇంకో మెడిక్ వస్తాడు. కానీ ఆ పోస్టులో ఉండే కుర్రాళ్లకు ఇలాంటి చేతులు మళ్లీ దొరకవని నాకు తెలుసు. అతన్ని ఎలా ఆపాలో తెలియలేదు.

నాలుగు బిందెలు

తర్వాతి వారంలో ఒక ఉదయం, పది దాటి ఉంటుంది. గరికపాడు దగ్గర మిరప కోతకు వెళ్తున్న కూలీల ఆటో బోల్తా కొట్టింది. ఎనిమిది మంది ఆడవాళ్లు ఒక్కసారే వచ్చారు. క్యాజువాలిటీ అంతా కేకలు. ఒక పిల్లకు దవడ విరిగి నోట్లో రక్తం నిండుతోంది. నేను ఆ పిల్ల తల పక్కకు తిప్పి గొట్టంతో రక్తం లాగుతున్నాను.

సరిగ్గా అప్పుడే చందర్లపాడు వైపు నుంచి ఒక కారు వచ్చింది. వెంకటరత్నం గారని అరవై దాటిన రైతు. ట్రాక్టరు వెనక కల్టివేటరు సర్దుతుంటే జారి, దాని కొన తొడలో దిగిందట. ఇద్దరి భుజాల మీద చేతులు వేసి నడిచే వచ్చాడు. ఇస్త్రీ పంచె, నుదుట బొట్టు. గజ్జకు కాస్త కింద తువ్వాలు చుట్టి ఉంది, దాని మీద అరచేతంత మరక. గొట్టం పక్క నర్సుకిచ్చి ఒక్క నిమిషం వెళ్లి చూశాను. నాడి పట్టుకుంటే డెబ్బై ఎనిమిది.

"ఏం లేదండి బాబాయి గారూ, నాలుగు కుట్లు పడతాయి. కూర్చోండి" అన్నాను.

"నాకేం పర్లేదమ్మా, ఆ పిల్లల్ని చూడండి పాపం" అన్నాడాయన.

ఈ మాట నేను ఇంతకుముందు విన్నాను. అయినా నా బుర్రలో గంట మోగలేదు, తిరిగి దవడ విరిగిన పిల్ల దగ్గరికి వెళ్లిపోయాను. పాతికేళ్లుగా ప్రతి బ్యాచ్‌కీ చెప్పింది నేనే, ఆ క్షణాన మరిచిందీ నేనే.

కాసేపటికి రాంబాబు వచ్చాడు. "మేడమ్, ఆ పెద్దాయన మూడుసార్లు మంచినీళ్లడిగాడు. ఆవలిస్తున్నాడు."

"తెల్లారకముందే పొలం వెళ్లుంటాడు. నువ్వు ఆ మూడో బెడ్డు అమ్మాయి చెయ్యి చూడు" అన్నాను. ఒంట్లో రక్తం తగ్గిపోయేవాడికే అంత దాహం, ఆ ఆవులింతలూ అని పాఠం చెప్పేదాన్నీ నేనే.

"యస్ మేడమ్."

రెండు నిమిషాల్లో మళ్లీ వచ్చాడు. "వాళ్లావిణ్ణి అడిగా మేడమ్. బట్టలు మార్చి తెచ్చారు. నాలుగు బిందెల నీళ్లు పోసి కడిగారంట. నాలుగో బిందెక్కూడా ఎర్రగానే వచ్చిందంట."

నేను వినిపించుకోలేదని చెప్పలేను, వినబడింది. కానీ చేతిలో దవడ విరిగిన పిల్ల, చుట్టూ స్టాఫు, నేను ఆల్రెడీ చూసి చెప్పిన మాట. డెబ్బై ఎనిమిది నాడి లెక్కపెట్టింది నేను. దాన్ని ఒక ట్రైనీ కాదంటున్నాడు. "నేను చూశాను రాంబాబూ. చెప్పిన పని చెయ్" అన్నాను, అందరికీ వినబడేలా. పెద్ద డాక్టరు గారి గొంతే అది.

"యస్ మేడమ్" అని మడమలు కలిపి వెనక్కి తిరిగాడు. మూడడుగులు వేసి ఆగిపోయాడు. వెనక నుంచి చూస్తే చెవులు ఎర్రబడి ఉన్నాయి. అలా ఎంతసేపు నిలబడ్డాడో, రెండు సెకన్లు కూడా ఉండదేమో. మళ్లీ నా వైపు తిరిగాడు.

"నేను వెళ్లను మేడమ్. మీరు ఇటొచ్చి ఆయన కాలి గోళ్లు చూడండి."

కేకలు పెడుతున్న కూలీ ఆడవాళ్లు కూడా ఇటు తిరిగి చూశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ గొట్టం సురేందర్ చేతిలో పెట్టి, రాంబాబుకి నాలుగు చీవాట్లు పెట్టాలనే వెళ్లాను. ఈ మాట దాచుకోను.

కాళ్లు తెల్లగా కడిగి ఉన్నాయి. గోళ్ల సందుల్లో మాత్రం ఎండిన రక్తం నల్లగా ఉంది. తొడ నుంచి పాదం దాకా కారితేనే అక్కడికి చేరుతుంది. పాదం చల్లగా ఉంది. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల ఎరుపే లేదు. బీపీ పెడితే పైది డెబ్బై. ఆయన భార్య శకుంతలమ్మ గారు అప్పుడు చెప్పింది, "బీపీకి మాత్రేసుకుంటాడమ్మా, పొద్దున్నే వేసుకున్నాడు" అని. గుండె వేగం పెరగకుండా పట్టి ఉంచే మాత్ర అది. నేను నమ్ముకున్న డెబ్బై ఎనిమిది ఆ మాత్ర చూపించినది.

"కళ్లు మసకేస్తున్నాయి తల్లీ" అన్నాడు వెంకటరత్నం గారు. పడుకోబెట్టాం. తువ్వాలు విప్పితే లోపల ఇంకో గుడ్డ, దాని లోపల పసుపు అద్ది కుక్కిన పచ్చి పత్తి. వాళ్ల చేలోదే. అంత రక్తం తాగి ముద్దయింది. అది కదలగానే లోపల నుంచి ఊటలా ఉబికింది. గాయం గజ్జకి అంత దగ్గర, టూర్నికే కట్టడానికి చోటు లేదు. రాంబాబు నన్ను అడగలేదు. గాజుగుడ్డ చుట్టలు వేళ్లతో లోపలికంటా కుక్కి, రెండు చేతులూ దాని మీద పెట్టి ఒళ్లంతా వంచి నొక్కాడు. నేను రెండు చేతులకీ సూదులు పెట్టి సెలైన్లు ఎక్కించాను. రక్తానికి మనిషిని పరుగెత్తించాను. థియేటర్‌కి తీసుకెళ్లేటప్పుడు చేతులు తీస్తే మళ్లీ ఉబుకుతుందని, రాంబాబు ట్రాలీ మీదికే ఎక్కి మోకాళ్ల మీద కూర్చుని నొక్కుతూ వెళ్లాడు. శకుంతలమ్మ గారు ట్రాలీ వెనకే నడుస్తూ, "నేనే కడిగానయ్యా, నేనే కడిగా" అని గొణుక్కుంటూనే ఉంది.

అడగాల్సింది నేను

మూడు దాటాక ఆపరేషన్ చేసిన డాక్టరు గారు బయటకు వచ్చి, తెగిన రక్తనాళం కట్టామని, ప్రాణానికి భయం లేదని చెప్పారు. ఇంకో పది నిమిషాలు బెంచీ మీద ఉండుంటే మన చేతుల్లో ఉండేది కాదన్నారు. ఆ బెంచీ మీద కూర్చోబెట్టింది ఎవరని అడిగారు. నేనే అన్నాను.

డ్యూటీలో ఉన్న అందర్నీ పిలిచాను. నర్సులు, జవాన్లు, ట్రాలీ తోసే అతను, అందరూ వచ్చారు. "ఇవాళ నేను తప్పు చేశాను. రాంబాబు రెండుసార్లు చెప్పాడు, నేను రెండుసార్లు తోసేశాను. మూడోసారి అతను మొండికెయ్యకపోతే ఆయన పోయేవాడు" అని చెప్పాను. ఈ నాలుగు మాటలు ఉద్యోగంలో నేను చేసిన అన్ని పనుల కంటే కష్టమైనవి. రాంబాబు అటెన్షన్లో నిలబడి గోడ వైపు చూస్తున్నాడు. పై వాళ్లు ఇలా మాట్లాడితే ఏమనాలో అతనికి ఎవరూ నేర్పలేదు. యస్ మేడమ్ అనడానికి లేదు, అనకుండా ఉండటానికీ లేదు.

ఇక్కడ కొత్త పిల్లలకు నా మాట ఒకటి. పట్టీలు కట్టడం నెలలో వస్తుంది. మనకంటే పెద్దవాళ్లకు రెండోసారి చెప్పడం నెలలో రాదు. అది నేర్పాలంటే కింది వాళ్లను సతాయించి లాభం లేదు, పైన ఉన్నవాళ్లు ముందు మారాలి. సైన్యం తప్పూ కాదిది, ఆసుపత్రి తప్పూ కాదు. ఎక్కడ కుర్చీ ఉంటే అక్కడ ఉంటుంది. నేను రిటైరవడానికి కొద్ది నెలల ముందు నేర్చుకున్నాను. మీరు అంత ఆలస్యం చెయ్యకండి.

రాంబాబు స్టోర్సుకి వెళ్లలేదని తర్వాత నెలకి ఫోను చేస్తే తెలిసింది. ఆ సాయంత్రం మాత్రం నాకేమీ తెలియదు. వెనకవైపు కొళాయి దగ్గర మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మోచేతుల దాకా కడుక్కున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. మెచ్చుకుందామని నోరు తెరిచేలోపు అతనే అడిగాడు.

"మేడమ్, ఆ రోజు కొండ మీద నేను ఇట్టానే వెళ్లనని ఉంటే, వాడు బతికేవాడా?"

నీ తప్పు కాదనే మాట నా నాలుక చివర సిద్ధంగానే ఉంది. ఈసారి మింగేశాను. అతను తెలుసుకోవాలని అడిగాడు, ఓదార్చమని అడగలేదు.

"బతికేవాడేమో రాంబాబూ. పొద్దున పడ్డాడన్నావు, సాయంత్రం దాకా ఉన్నాడన్నావు. కిందికి దింపడానికి టైముంది. తప్పకుండా బతికేవాడని చెప్పలేను. కానీ టైమైతే ఉంది."

అతను మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదులుతూ. నేను వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. తల దువ్వుకుని, కొత్త చీర కట్టుకుని వచ్చిన నా పెద్దావిడ కోసం నేనూ ఏడ్చాను, అన్నేళ్లలో మొదటిసారి.

కాసేపటికి లేచి కొళాయి తిప్పి మొహం కడుక్కున్నాడు. గడియారం చూసుకున్నాడు.

"బాబాయికి నాలుగింటి బీపీ చూడాలి మేడమ్" అని, నేను చెప్పేదాకా ఆగకుండా లోపలికి వెళ్లాడు.